పుయ్ షాన్ రెండు పడవలు

పుయ్ షాన్ మా కొట్టుకి ఆదివారాలు వచ్చేది. సముద్రం మీంచి వచ్చిన పొగమంచు ఓక్లండ్ వీధుల్లోంచి వెళ్ళాలా వద్దా అని తచ్చాడుతుండగా బస్సు దిగి, చేతిలో పందిమాంసం బన్నుల పొట్లంతో తలుపు తోసుకుని వచ్చేది. బన్నులు నాకు, నమస్కారం మా ఆయనకి. ఆ పంపకం నాకు బాగానే ఉండేది.

మా ఆయన పేరు మోక్, చైనా నాటువైద్యుడు. తెర వెనక కూర్చుని నాడి చూస్తాడు. తెర ఇవతల నేను మూలికలు తూచి పొట్లాలు కడతాను. పిల్లలు లేరు. ఆయన చేతిలో ఉన్న విద్య ఆయనతోనే పోతుందని నాకు దిగులుగా ఉండేది. ఆయన మాత్రం ఆ సంగతి ఎత్తితే చాలు, ముక్కు మీదికి కోపం తెచ్చుకునేవాడు.

పుయ్ షాన్ అప్పటికే డాక్టరు చదువుతోంది. అఖాతానికి అవతల ఆస్టియోపతి కళాశాల. అక్కడ మందులూ కోతలూ నేర్పడమే కాకుండా, ఎముకలనీ కండరాలనీ చేత్తో తడిమి, పట్టేసినచోట సడలించడం కూడా నేర్పుతారట. వారమంతా అక్కడ, ఆదివారం ఇక్కడ. చిన్నప్పుడు తను వాళ్ళమ్మమ్మ మణికట్టు పట్టుకుని కూర్చునేదట, లోపల ఎవరో నడుస్తున్నట్టుండేదని. వాళ్ళెవరో తెలుసుకుందామనే వచ్చానంది. వినగానే మా ఆయన, నువ్వే నాడి చూడు అన్నట్టు, రోగులు చెయ్యి ఆనించే చిన్న దిండు ఆమె ముందుకి జరిపాడు. అలా ఎవరికీ జరపలేదు ఎప్పుడూ.

ఆయన నియమం ఒకటే. ముందు చెయ్యి వినాలి, తరవాతే నోరు అడగాలి. రోగి చెయ్యి దిండు మీద పెడితే, మూడు వేళ్ళు ఆనించి ఊరుకోవాలి. పుయ్ షాన్ కళ్ళు మూసుకుని అలా కూర్చుంటే గోడ మీది గడియారం కూడా మెల్లిగా నడుస్తున్నట్టు ఉండేది. పొయ్యి మీద ఏదో కషాయం కాగుతుండేది. కమలాతొక్కల వాసన. నాకూ కళ్ళు మూతలు పడేవి.

కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు కళాశాలలో నేర్చుకున్నది నా మీద సాధన చేసేది. నన్ను బల్ల మీద పడుకోబెట్టి నా తలని రెండు అరచేతుల్లో పెట్టుకునేది. నొక్కదు, రుద్దదు, ఊరికే పట్టుకుంటుంది. ఇదేం వైద్యమే తల్లీ అని నవ్వుతూనే నేను నిద్రలోకి జారిపోయేదాన్ని. ప్రతిసారీ ఒకటే కల. మా నాన్న నది పాయ మీద పంటు నడుపుతున్నాడు. రెండు పడవలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచిన పంటు. దాని మీద బాతుల గంపలు, పెళ్ళివారు, ఒక గేదె. నేను అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను. పంటు కదులుతోందో, ఒడ్డు కదులుతోందో తెలియదు. లేచి మా ఆయనకి చెబితే, మధ్యాహ్నం ఎక్కువ తిన్నావు అనేవాడు.

అంతా బాగుండగా పరీక్షలో ఆమె నోరు జారింది. తోటి విద్యార్థి భుజం తడిమి, చేతికి ఏం తెలుస్తోందో చెప్పాలి. పుయ్ షాన్ కళ్ళు మూసుకుని హాయిగా, "ఇక్కడ గాలి చేరింది" అంది. మా వాళ్ళలో అది రోజూ అనే మాటే. మెడ పట్టేసినా గాలే, పళ్ళు జివ్వుమన్నా గాలే. పరీక్ష పెట్టే ఆయన మాత్రం ఊపిరితిత్తి చిల్లు పడి గాలి నిండిందనుకుని స్టెతస్కోపు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పాపం ఆ కుర్రవాడు తను చచ్చిపోతున్నాననే అనుకున్నాడు. పుయ్ షాన్ తప్పింది. రెండోసారీ తప్పితే ఏడాదంతా మళ్ళీ చదవాలన్నారు.

ఆ భయంతో ఇక్కడికొచ్చి ఇక్కడా జారింది. దగ్గుతో వచ్చిన ఒక పెద్దావిడ నాడి ఎలా ఉందని మా ఆయన అడిగితే, వెన్నులో నాలుగో పూస కుడికి తిరిగి ఉందంది. దగ్గు వెన్నులోంచి రావడం లేదమ్మాయ్ అని ఆవిడ విసుక్కుంది. ఆవిడ వెళ్ళేదాకా ఆగి మా ఆయన అన్నాడు:

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు నీళ్ళలోనే పడతాడు. చంద్రుడి పండగకల్లా ఏదో ఒకటి తేల్చుకో. నా దగ్గరుంటే ఇదే ఉండాలి."

ఆ పిల్ల తల వంచుకుంది. నాకు ఒళ్ళు మండింది. విద్య ఆయనది కాబట్టి నోరు మూసుకున్నాను గానీ, ఆ పూట ఆయన అన్నంలోకి ఉప్పుచేప వెయ్యలేదు.

పండగకి ముందు ఒక ఆదివారం, పుయ్ షాన్ పొట్లాలు కట్టే కాగితం కింద ఒక వెంట్రుక పెట్టి, పైనుంచి వేలితో వెతుకుతోంది. వేళ్ళకి చదువు నేర్పడానికి కళాశాలలో అందరూ చేసేదేనట. దొరికితే ఇంకో కాగితం, ఆ పైన ఇంకోటి. నా తెల్లవెంట్రుకే పీకి ఇచ్చాను. మా ఆయన వచ్చి, పిల్లల ఆటలా ఉందే అని నవ్వుతూ తనూ వేలు పెట్టాడు. ఒక్క కాగితమే. వేలు అటు జరిపాడు, ఇటు జరిపాడు. వెంట్రుక మీదుగానే వెళ్ళిపోయాడు. మళ్ళీ వెళ్ళాడు. నవ్వు మెల్లిగా ఆరిపోయింది. "వెంట్రుక జారిపోయింది" అని లోపలికి వెళ్ళిపోయాడు.

జారలేదు. అక్కడే ఉంది. కొన్నాళ్ళుగా ఆయన రోగుల మణికట్లు గట్టిగా నొక్కుతున్నాడని నాకు తెలుసు. టీ కప్పు వేడి కూడా తెలియడం లేదని తెలుసు. తెలిసీ, అనుమానమేలే అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. పుయ్ షాన్ కాగితం మడిచింది. ఆ పిల్ల కూడా వెళ్ళిపోతే ఈ తెర వెనక ఇక ఎవరుంటారని నాకు ఏడుపొచ్చింది.

పండగరోజు చంద్రుడి కేకుల డబ్బా పట్టుకుని వచ్చింది. తాగమని నేను టీ ఇస్తే రెండు చేతులా మా ఆయనకే అందించింది. చదువు మధ్యలో వదలలేననీ, వాళ్ళమ్మ రెస్టారెంటులో పదేళ్ళు గిన్నెలు తోమి చెప్పించిన చదువనీ, ఇక్కడ సగం మనసుతో కూర్చుని గురువుని అవమానించలేననీ మెల్లిగా చెప్పింది. అంటే వెళ్ళిపోతోంది. మా ఆయన పడవల సామెత మళ్ళీ ఎత్తబోయాడు.

"పడవల సంగతి మీరు నాకు చెప్పకండి" అన్నాను. "మా నాన్న బతుకంతా రెండు పడవల మీదే నిలబడ్డాడు. రెంటినీ కలిపి కట్టాడు. గేదెలు కూడా దాటాయి. పడవల్ని విడిగా వదిలేసి, పడిపోతావని ఆ పిల్లని తిట్టేది మీరే. కట్టే తాడు కూడా మీ దగ్గరే ఉంది."

ఇద్దరూ నావైపు చూశారు. నాకే ఆశ్చర్యంగా ఉంది, అంత మాట ఎక్కడ దాచానో. మా ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు. తరవాత చొక్కా చెయ్యి పైకి మడిచి, తన మణికట్టు ఆ చిన్న దిండు మీద పెట్టాడు. పెళ్ళైనప్పటినుంచీ ఆ దిండు మీద ఆయన చెయ్యి నేను చూడలేదు.

పుయ్ షాన్ మూడు వేళ్ళు ఆనించింది. పొగమంచు కిటికీకి ఆనుకుని ఉంది. ఎంతసేపైందో చెప్పలేను.

"నా వేళ్ళు మొద్దుబారాయి" అన్నాడాయన.

"తెలుసు గురువుగారూ. ఆ వెంట్రుక రోజే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"ముందు చెయ్యి వినాలి కదా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు విన్నదేదో చెప్పు. వాళ్ళ మాటల్లోనా, మన మాటల్లోనా?"

"మాట ఇంకా రాలేదండీ. చేతికి మాత్రం తెలుస్తోంది. రేపే రక్తం పరీక్ష చేయించాలి, మీరు కాదనకూడదు. ఇప్పుడు మెడ కూడా చూడనిస్తారా?"

మా ఆయన తన ఒంటి మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వడు. మంగలితో కూడా తగువే. అలాంటి మనిషి కళ్ళజోడు తీసి నా చేతికిచ్చాడు. బల్ల మీద పడుకున్నాడు. ఆ పిల్ల తల దగ్గర కూర్చుని, గురువు తలని రెండు అరచేతుల్లోకి తీసుకుంది. నొక్కలేదు, రుద్దలేదు.

నేను కేకు కోస్తూ ఆగిపోయాను. ఆయన మొహంలోంచి పట్టుదలంతా కొంచెంకొంచెంగా దిగిపోతోంది. నిద్రపోయాడనుకున్నాను. కళ్ళు తెరవకుండానే నన్ను పిలిచాడు.

"ఇదిగో," అన్నాడు, "మీ నాన్న పంటు కదులుతోందే."