కొట్టు నిండాక చెప్పు
నా పేరు షేక్ మహబూబ్బీ. వయసు డెబ్బై దాటింది. ఆళ్లగడ్డలో మనవరాలు షమీమ్‌తో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే అదే రాస్తోంది.

నంద్యాలలో ఒక విత్తనాల కొట్టుకు షమీమ్ పైథాన్‌తో బిల్లుల వెబ్‌సైట్ చేసిచ్చింది. అది బాగా నెమ్మదించిందని నిన్న ఓనరు రైతులందరి ముందూ, "రొట్టెలు కాల్చుకోక నీకెందుకు పాపా కంప్యూటర్లు?" అన్నాడట. ఆ మాట బజారంతా పాకితే దీనికి ఇంకెవరు పని ఇస్తారు? అందుకే ఈ రోజు నేనూ వెళ్లాను.

ఎక్కడ ఎంతసేపు పడుతోందో షమీమ్ ఒక్కొక్కటే చూసింది. ప్రతి బిల్లుకూ గోడౌన్‌లోని సరుకంతా మొదటి నుంచి లెక్కపెట్టేలా ఓనరు బామ్మర్ది మధ్యలో ఏదో చేర్చాడు. అది తీసేయగానే బిల్లు చిటికెలో వచ్చింది.

ఓనరు మెల్లగా, "తప్పయిందిలే పాపా, టీ తాగి పోండి" అన్నాడు.

"రైతులు యాడప్పా? తిట్టేటప్పుడు కొట్టు నిండా ఉండిరి కదా. నిండనీ, అప్పుడు చెప్దువు" అని గడపలోనే కూర్చున్నాను.

బస్సులు దిగి జనం వచ్చాక అతను తల వంచుకుని చెప్పాడు.

"వెనకోళ్లకు ఇనపడల్యా, ఇంగోసారి" అన్నాను. మళ్లీ చెప్పాడు.

నాకు ఆ రెండోసారే తియ్యగా ఉంది. మీరైతే ఒక్కసారితో వదిలేసేవారా?

మహబూబ్బీ నిశాని: ×
వెనక నిలబడి విన్న సాక్షులు: సంజామల ఓబులేసు, హమాలీ మద్దిలేటి. బామ్మర్ది కూడా విన్నాడు గానీ సాక్షిగా ఉండనన్నాడు.