అంజమ్మ తరఫున నేను మాట్లాడిన రోజు

"నా చిన్నప్పటి ముచ్చట ఆ సారుకు ఎందుకు చెప్పినవక్కా?"

"నీ మంచికే చెప్పిననే. రేపు నిన్నెవలు తిట్టొద్దని."

"గది నాది గదా. చెప్పాల్నంటే నేనే చెప్పుకుంటుంటి."

షాద్‌నగర్ బస్టాండులో నేనూ అంజమ్మా మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. అంతలో కల్వకుర్తి బస్సు వచ్చింది. నాతో నల్లగొండ రావాల్సిన మనిషి ఆ బస్సు ఎక్కింది. కిటికీలోంచి నా వైపు చూడలేదు.

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడో, ఐదో ఏడో అయి ఉంటుంది. నల్లగొండలో మా వంట బ్యాచికి అప్పుడు నేనే మేస్త్రిని. బ్యాచి అంటే పెళ్లిళ్లకూ దావతులకూ కలిసి వంటకు పోయే మనుషులం. మా ఆయన బతికున్నప్పుడు ఆయన మేస్త్రి, నేను ఉల్లిగడ్డలు కోసేదాన్ని. ఆయన పోయాక బట్టీలూ గంజులూ ఇంట్లో మిగిలాయి, వాటితో పాటు నేనూ మిగిలాను. బట్టీ అంటే గ్యాసుతో మండే ఇనుప పొయ్యి. గంజు అంటే నలుగురు పడితే గాని లేవని వంటపాత్ర. ఆడమనిషి మటన్ ఏం ఉడికిస్తుందన్నవాళ్లే తర్వాత రెండోసారి అడిగి వేయించుకున్నారు. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి బిడ్డ స్వప్న రాస్తోంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. పొద్దున బట్టీ ముట్టించే ముందు మేస్త్రి నడుమ నిలబడి ఎవరి పని వాళ్లకు వరుసగా, ఒక్కసారే చెప్పాలి. మాలో చదువుకున్నవాళ్లు లేరు, అంతా నోటి మీదే. విన్నవాళ్లు "ఆఁ" అని పోవాలి. మళ్లీ అడిగినవాళ్లకు సాయంత్రం దాకా వెక్కిరింపులే. మా ఆయన అట్లాగే చెప్పేవాడు, నేనూ అట్లాగే చెప్పాను. మేస్త్రితనం అంటే అదే అనుకున్నాను.

అంజమ్మ పాలమూరు వైపు మనిషి. అసలు పేరు ఇది కాదు, నేను మార్చాను. నలభై నిండలేదు, మొగుడు వదిలేసి పోయాడు. చాలా భారీ మనిషి. కూర్చుంటే గోడ పట్టుకుని గాని లేవలేదు, పది మెట్లెక్కితే ఆయాసం. కానీ చేతి పని చూడాలి. ఆమె దించిన బగారన్నం మెతుకుకు మెతుకు అంటేది కాదు. కూర వాసన చూసి ఉప్పు తక్కువైందని చెప్పేది, రుచి చూస్తే నిజమే అయ్యేది.

మరపుతోనే చిక్కంతా. "అంజమ్మా, చింతపండు నానబెట్టు, అల్లం ఎల్లిగడ్డ నూరు, రెండో బట్టీ మీద నూనె పెట్టు" అంటే "ఆఁ అక్కా" అనేది. చింతపండు శుభ్రంగా నానబెట్టి అక్కడే నిలబడేది. మిగతా రెండూ గాలికి పోయేవి. భువనగిరిలో ఒక పెళ్లికి పచ్చిపులుసులో రెండుసార్లు ఉప్పు వేసింది. ఆడపెళ్లివారి ముందు నా తల తీసేసినట్టయింది.

మా బ్యాచిలో గంజులు దించే మల్లేశానికి నోరు ఊరుకోదు. "వదినే, గీమెకు పని చెప్పుడు, చెరువుల ఉప్పేసుడు ఒక్కటే" అనేవాడు. కూరగాయలు కోసే పోశవ్వ ఇంకో మాట కలిపేది: "తిన్నదంత ఒంటికే పాయె, నెత్తికి ఏం మిగల్లే."

అందరికంటే ముందు అంజమ్మే నవ్వేది. "అవ్ పోశవ్వా, నెత్తికి పోయే తొవ్వల గతుకులున్నయ్. బండి నడుమల్నే ఆగుతాంది."

ఒకరోజు బట్టీ పక్కన కళ్లు తిరిగి కూలబడింది. నేనే దవాఖానకు తీసుకుపోయాను. షుగర్ బాగా ఎక్కువుందన్నారు. లోపల ఒక డాక్టరమ్మ ఉంది, తీరికగా మాట్లాడే మనిషి. మందులు ఎట్లా వేసుకోవాలో చెప్పి, చెప్పింది మళ్లీ చెప్పమంది. అంజమ్మ మొదటి గోలీ దగ్గరే ఆగిపోయింది. అప్పుడు డాక్టరమ్మ ఆవు, తలుపు, మామిడి, వాన, గొడ్డలి అని చెప్పి, కాసేపు వేరే మాటలు మాట్లాడి, ఇందాకటివి ఏమిటని అడిగింది. ఆవు, మామిడి వచ్చాయి. మిగతావి రాలేదు.

"రాత్రి గురక వస్తుందా? నిద్ర మధ్యలో తెగుతుందా?" అని అడిగింది. వస్తుంది, తెగుతుంది. తర్వాత మెల్లగా అడిగింది, "చిన్నప్పుడు ఎవరి దగ్గర పెరిగావమ్మా?"

అంజమ్మ నా వైపు చూసింది. బయటికి పొమ్మంటుందేమో అనుకున్నాను. అనలేదు.

"అవ్వ నాయిన మట్టిపనికి దూరం పోయేటోళ్లమ్మా. నన్ను పెదనాయిన ఇంట్ల ఇడిచి పోయిండ్రు. వంటింటికి తాళమేసేది పెద్దమ్మ. వాళ్లు తిన్నంక మిగిల్తే పెట్టేది. ఒక్కపారే పని చెప్పేది. మళ్లా అడిగితే గంటె తీస్కొని చెవు మీద కొట్టేది. అందుకే నేను అడగ."

ఈమె ఎన్నిసార్లు నాకు "ఆఁ అక్కా" అంది! అది అర్థమైందని కాదు. కొట్టొద్దని.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంత చెబుతాను. ఇంత బరువును వాళ్లు ఒబేసిటీ అంటారు. బరువు, షుగర్, తెగిన నిద్ర కలిస్తే కొందరికి ధ్యాస నిలవదు, విన్నది జారిపోతుంది. చిన్నతనంలో ఆకలితో, భయంతో పెరిగినవాళ్లకు బరువూ ఎక్కువ కావచ్చు, ఈ మరపు కూడా ఎక్కువ కనిపించవచ్చు. "అందరికీ ఇట్లా కావాలని లేదు. ఈమెకు దేనివల్ల ఎంతో నేను కొలిచి చెప్పలేను. కానీ తెలివి తక్కువ మాత్రం కాదమ్మా. ఒక్కొక్కటి చెప్పండి, తిరిగి చెప్పించండి. మందులు మానొద్దు, రోజూ నడవాలి" అంది.

తిండి దగ్గర ఆమె తొందర ఎందుకో కూడా నాకు అప్పుడే తెలిసివచ్చింది. మేమందరం కూర్చోకముందే గోడకు వీపు ఆనించి, నిలబడే గబగబా మింగేది. ఆశ అనుకునేవాళ్లం.

ఆమెను ఒక్కదాన్నే తిరిగి చెప్పమంటే సిగ్గుపడుతుందని, బ్యాచి మొత్తానికీ ఆ పద్ధతి పెట్టాను. ఒక్క పని చెప్పడం, వాళ్లు తిరిగి చెప్పడం, అది అయ్యాక ఇంకొకటి.

మల్లేశం నెత్తి కొట్టుకున్నాడు. "చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినమని ఇప్పుడు పట్టుకొచ్చి బళ్లె ఏస్తివా వదినే?"

"నువ్వు మొన్న మటన్ల కొత్తిమీర మర్షిపోయినవు గదరా. ముందుగాల నువ్వే అప్పజెప్పు" అన్నాను.

నెలలు పట్టింది గాని, ఒకరోజు అంజమ్మ నోట ఆ మాట వచ్చింది. "అక్కా, మళ్లొక్కపారి చెప్పు." చెప్పి, తల వంచుకుని నిలబడింది. నేను చెప్పాను. తల ఎత్తి పోయి పని చేసింది. ఆ తర్వాత అడగడం అలవాటైంది.

ఆమెకు ఎనిమిదేళ్ల ఆడపిల్ల ఉంది. ఊరూరా తిరిగే మా పనికి పిల్లను ఎట్లా తిప్పుతుంది? కల్వకుర్తి దగ్గర అన్న ఇంట్లో ఉంచింది. పండుగకు పోయి వచ్చి ఒకసారి నా పక్కన కూర్చుని అంది, "అక్కా, నా బిడ్డ మెత్త కింద రొట్టె దాసుకుంటాంది. వదిన చెడ్డది కాదు. గని అది నాలెక్కనే అయితాంది." తలగడ కింద రొట్టె మాట చెబుతూ ఆ రోజు మాత్రం నవ్వలేదు.

అందుకే షాద్‌నగర్ దగ్గర ఒక మిల్లు క్యాంటీనులో వంటమనిషి కావాలని తెలిసినప్పుడు ఆమె ముఖం చూడాలి. క్యాంటీను వెనక ఉండడానికి గది ఇస్తారు. బిడ్డను తెచ్చుకోవచ్చు, బడి దగ్గరే. "అక్కా, జర ఎంబడి రా. కొత్తోళ్లకాడ నాకు నోరు పెగలదు" అంది. పోయాను.

ముందు ట్రయల్ అన్నారు, అంటే వండి చూపించడం. పప్పుచారు, బెండకాయ వేపుడు, అన్నం వండింది. ఆ మేనేజరు సారు రెండు ముద్దలు తిని, "చేతిల మజా ఉన్నదమ్మా. ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్యి" అన్నాడు. పనివాడిని తోడిచ్చి గది చూపించమన్నాడు. అంజమ్మ మోకాళ్ల నొప్పి మరిచి వాడి వెనక పోయింది.

అక్కడితో నేను ఊరుకోవాల్సింది. కానీ నాకు భువనగిరి పచ్చిపులుసు గుర్తొచ్చింది. రేపు ఈయన నాలుగు పనులు ఒక్కసారి చెబితే? అందరి ముందు తిడితే? చెప్పి పోతే మంచిదనిపించింది.

"సారూ, ఒక్క మాట. ఆమెకు ఒక్కొక్క పని చెప్పుండ్రి. నాలుగు ఒక్కపారి చెప్తే మర్షిపోతది. తప్పు ఆమెది కాదు" అని మొదలుపెట్టాను. ఎందుకు మరిచిపోతుందో చెప్పకపోతే నమ్మడేమోనని మిగతాదీ చెప్పాను. పెదనాయిన ఇల్లు, తాళం, గంటె దెబ్బలు, దవాఖానలో అడిగిన మాటలు, అన్నీ.

ఆయన చెడ్డవాడేం కాదు. శ్రద్ధగా విన్నాడు, నాలుక చప్పరించాడు. తర్వాత అన్నాడు, "పాపం. గని గ్యాసు మీద పనమ్మా. రేపు ఏమన్న అయితే నాది గదా జిమ్మేదారి?"

"నాకాడ ఏండ్ల సంది చేస్తాంది సారూ. ఏం గాలే."

"నువ్వు పక్కన ఉన్నవు గనక గాలే. ఈడ ఎవరుంటరు?"

అంతలో అంజమ్మ వచ్చింది. గుమ్మంలోనే, "అక్కా, రూముకు కిటికి ఉన్నది! బిడ్డ కూసోని సదువుకుంటది" అంది.

ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. "అమ్మా, మీ అక్క అంత చెప్పింది. చిన్నప్పుడు మస్తు కష్టపడ్డవంట. ముందుగాల ఒళ్లు బాగు చేస్కో. మల్ల చూద్దాం." చాయ్ తెప్పించాడు. అంజమ్మ తాగింది. గ్లాసు కడిగి బోర్లించి వచ్చింది.

ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

ఆమె మళ్లీ బ్యాచికి రాలేదు. ఫోను కలవలేదు. వాళ్ల అన్న ఊరికి పోయి అడిగితే, హైదరాబాదులో బిల్డింగు కడుతున్న చోట కూలీలకు వండుతోందని వాళ్ల వదిన చెప్పింది. ఎక్కడో ఆమెకూ తెలియదు. "పిల్ల ఈడనే ఉన్నది" అంది. మాట్లాడుతూనే ఇంట్లోకి చూసి, "బోళ్లు కడుగు, పొయ్యి అలుకు, బర్రెకు నీళ్లు పెట్టు" అని ఒక్క గుక్కలో చెప్పింది. లోపలి నుంచి చిన్న గొంతు "ఆఁ" అంది. మళ్లీ అడగలేదు.

కారణం చెబితే మనుషులు అర్థం చేసుకుంటారని నేననుకున్నాను. అర్థం చేసుకున్నారు, జాలి పడ్డారు, పని ఇవ్వలేదు. "సారూ, నాకు ఒక్కొక్కటి చెప్పుండ్రి, తెల్వకుంటే మళ్లా అడుగుత" అని అంజమ్మ తన నోటితో తనే చెప్పగలిగేది. అప్పటికి ఆమెకు అది వచ్చు. ఆ సారుకు తన చిన్నతనం గురించి ఏమీ చెప్పనక్కర లేకుండానే సరిపోయేది. ఆ అవకాశం నేను ఆమెకు ఇవ్వలేదు. ఇప్పుడు మా బ్యాచిలోకి ఎవరు కొత్తగా వచ్చినా, నీకు పని ఎట్లా చెబితే బాగుంటుందని వాళ్లనే అడుగుతాను. ఎందుకని అడగను.

ఇది చెప్పడానికి కూడా నేను ఆమెను అడగలేదు. అడగాలంటే ఆమె దొరకలేదు. ఇంకో వంటశాలలో ఇంకొక అంజమ్మను చూసి ఎవరో చెరువులో ఉప్పంటూ నవ్వుతుంటారని, వాళ్ల కోసం చెప్పాను. అయినా భయంగానే ఉంది.

"స్వప్నా, కలం పక్కకు పెట్టు బిడ్డా. మొదటి నుంచి మెల్లగ సదువు. అంజమ్మ ఈడ కూసోని ఇంటాంది అనుకోని సదువు. ఆమె తల వంచుకునే మాట యాడ వస్తే ఆడ ఆగు, కొట్టేద్దాం."