తాళం చెవి ఏ చేతిలో ఉందో చెప్పాను

తార్నాకలో అంత మంచి రూమ్ ఎందుకు వదిలేశావని అందరూ అడుగుతున్నారు కదా. చెప్తాను, కూర్చోండి. ఇవ్వాళ చాయ్ శ్రీకాంత్ ఇప్పిస్తున్నాడట, మిర్చి బజ్జీలు కూడా. ప్లేటు నా వైపే జరుపుతున్నాడు, ఎందుకో మరి. ఇన్నాళ్ళూ ఫెయిలైన ట్రిక్కుల గురించి చెప్పి మిమ్మల్ని నవ్వించాను. ఇది బ్రహ్మాండంగా సక్సెసైన ట్రిక్కు. ఆ ఒక్కటీ ఫెయిలై ఉంటే నేనిప్పుడు నా రూమ్‌లో కాళ్ళు చాపుకుని పడుకునేవాణ్ణి.

నేను చేస్తున్నది జియాలజీలో పీహెచ్‌డీ. చదవాల్సింది రాళ్ళని. కానీ ఫోన్‌లో వీడియోలు చూసి మెంటలిజం నేర్చుకుని మనుషుల్ని చదవడం మొదలుపెట్టాను. మొదటి ఐటమ్ మీకు తెలిసిందే. చిన్న వస్తువేదైనా ఒక పిడికిట్లో దాచి, ఆ పిడికిలి నుదుటికి ఆనించుకుని కళ్ళు మూసుకోమంటాను. నేను అటు తిరిగి నిలబడతాను. కాసేపటికి రెండు చేతులూ చాపమని, ఏ చేతిలో ఉందో చెప్పేస్తాను. పైకెత్తిన చేతిలోంచి రక్తం కిందికి దిగి అది కొంచెం తెల్లబడుతుంది. అంతే, అందులో మనోశక్తి ఏమీ లేదు.

అసలు సరుకు దాని తర్వాత వస్తుంది. కళ్ళలోకి చూసి, గొంతు తగ్గించి ఒక డైలాగ్ చెప్తాను. "మీ మనసులో ఒక మాట ఉంది. చాలా రోజులుగా ఒకరికి చెప్పాలనుకుంటున్నారు. మొహమాటం ఆపుతోంది." ప్రపంచంలో ఇలాంటి మాట లేనివాళ్ళు ఎవరుంటారు? కానీ వినేవాళ్ళకి అది తమ గురించే అనిపిస్తుంది. మా ల్యాబ్ అసిస్టెంట్ సార్ కళ్ళు తుడుచుకున్నారు. ఈ శ్రీకాంత్ అయితే అప్పటికప్పుడు వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి, కోచింగ్ మానేసి ఆర్నెల్లైందని చెప్పేశాడు. తిట్లు తిన్నాక వచ్చి, "భై, నీకెట్ల తెల్సిందిరా గిది?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. నాకేం తెలుసు? ఆ కోచింగ్ సంగతి నేనూ అప్పుడే విన్నాను. అయినా గంభీరంగా తలూపాను. ఆ తలూపుడే నన్ను పాడుచేసింది.

ఇక రూమ్ సంగతి. టెర్రస్ మీద ఒకటే గది, చుట్టూ గాలి, డిపార్ట్‌మెంట్‌కి పది నిమిషాల నడక, అద్దె తక్కువ. థీసిస్ రాసుకోవడానికి అలాంటిది ఇంకోటి దొరకదు. కింద ఓనర్లు, సుభద్ర ఆంటీ, అంకుల్. అనంతపురం వైపు వాళ్ళు. అంకుల్ రిటైరై పేపర్ చదువుకుంటుంటారు. ఆంటీ మంచి మనిషి, కానీ నేను ఆ రూమ్‌లో దిగిన మొదటి రెండేళ్ళలో నాతో మాట్లాడింది మోటార్ ఆన్ చెయ్యి, మోటార్ ఆఫ్ చెయ్యి, అంతే.

అలాంటి ఆంటీ ఒక ఆదివారం మరమరాల ఉగ్గాని, బజ్జీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "తిన్యావా నాయనా?" అని ప్లేటు ఇచ్చి, కాసేపు వాటర్ ట్యాంక్ వైపు చూసి దిగిపోయింది. తర్వాతి వారం చిత్రాన్నం. మళ్ళీ ట్యాంక్ వైపు చూసింది. ఇంకో వారం, పండగ లేదు పబ్బం లేదు, నెయ్యి వేసిన ఓళిగలు, అదే మన బొబ్బట్లు. ఈసారి ఏదో చెప్పబోయి, "ఎండలు బాగా ఉండాయి నాయనా" అని వెళ్ళిపోయింది. అప్పుడు వాన పడుతోంది.

నేను మనుషుల్ని చదివేవాణ్ణి కదా, కూర్చుని చదివాను. ఆమెకి ఏదో దిగులుంది. నన్ను కొడుకులా చూసుకుంటోంది. నాతో చెప్పుకోవాలనుకుంటోంది. ఆ దిగులేంటో బయటికి లాగి మనసు తేలిక చేస్తే, ఈ రూమ్ నాకు థీసిస్ అయ్యేదాకా కాదు, పెళ్ళయ్యేదాకా గ్యారంటీ. ఇదీ నా విశ్లేషణ. ఓళిగలు తింటూ చేశాను.

మర్నాడు సాయంత్రం కిందికి వెళ్ళి, "ఆంటీ, ఒక చిన్న మ్యాజిక్ చూపిస్తా" అన్నాను. అంకుల్ పేపర్ పక్కన పెట్టారు. దాచడానికి ఏదైనా వస్తువిమ్మంటే, "ఏమియ్యల్ల నాయనా, ఇంట్లో అన్నీ పెద్దయ్యే" అంది. నేనే జేబులోంచి నా రూమ్ తాళం చెవి తీసి ఇచ్చాను. అవును, నా చేత్తోనే ఇచ్చాను. ఆమె దాచింది, నుదుటికి ఆనించింది, చేతులు చాపింది. ఎడమ చెయ్యి అన్నాను. తెరిస్తే తాళం చెవి. ఆంటీ నోరు తెరిచింది.

ఇక గొంతు తగ్గించి మొదలుపెట్టాను. "మీ మనసులో ఒక మాట ఉంది ఆంటీ. చాలా రోజులుగా ఒకరికి చెప్పాలనుకుంటున్నారు. మొహమాటం ఆపుతోంది."

ఆంటీ మొహం ఎర్రబడింది. అంకుల్ వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూశారు. ఎంత బాగా తగిలిందో అనుకున్నాను.

"చెప్తే వాళ్ళు బాధపడతారేమో నాయనా" అంది మెల్లగా.

"అస్సలు బాధపడరు. నాకు స్పష్టంగా కనిపిస్తోంది."

"కోపం చేసుకోరు కదా?"

"నవ్వుతూ ఒప్పుకుంటారు ఆంటీ. ఎందుకింత ఆలస్యం చేశారని కూడా అంటారు. ఆ మనిషి మీకు బాగా దగ్గరివాళ్ళే. ఇవ్వాళే చెప్పేయండి, మంచి రోజు."

ఆంటీ నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత మంచోడివి నాయనా. నీకు అన్నీ తెల్సిపోయినాయి. మా చెల్లెలి కూతురికి ఈడనే యూనివర్సిటీలో సీటొచ్చినాది. ఆ పాపను హాస్టల్లో వేసేదానికి మనసొప్పలేదు. నువ్వు రూమ్ ఖాళీ చేయల్ల. నీకెట్ల చెప్పేదబ్బా అని నెల నుంచి నాకు అన్నం సయించలే."

అంకుల్ అందుకున్నారు. "నేను చెప్తానంటే ఈమె వద్దనె. ఊరికే పొమ్మంటే బాగుండదు, పిల్లోనికి రొన్నాళ్ళు కడుపు నిండా పెట్టి చెప్దామనె. నువ్వే అడిగి మరీ చెప్పించుకుంటివి. ఈ కాలంలో ఇంత సంస్కారం యాడుండాది?"

అంటే ఉగ్గాని ఒక నోటీసు, చిత్రాన్నం రెండో నోటీసు, ఓళిగలు ఫైనల్ నోటీసు. మూడూ సంతకం పెట్టకుండానే అరిగించుకున్నాను.

"ఆంటీ, అది ఉత్త ట్రిక్కు. ఆ డైలాగ్ నేను అందరికీ చెప్తాను, నాకేమీ తెలీదు" అన్నాను. నిజంగా బతిమాలాను. ఆంటీ వింటేనా. "విద్య ఉండేవాళ్ళు అట్లనే అంటారు నాయనా, గొప్ప చెప్పుకోరు" అని, నా మొహంలోకి ఆశగా చూసింది. నవ్వు కోసం. నవ్వుతూ ఒప్పుకుంటారని చెప్పింది నేనే కదా. నవ్వాను. దవడ నొప్పి పుట్టేలా నవ్వాను. తాళం చెవి నా చేతిలో పెట్టి, "నెలాఖరుకు తెచ్చియ్యి" అంది. ఆ నెలాఖరున ఇచ్చేశాను. ఆ పాప కూడా అప్పుడే దిగింది. సూట్‌కేసు పైకి మోసింది నేనే.

అప్పటి నుంచి అడిక్‌మెట్‌లో శ్రీకాంత్ రూమ్‌లో ఉంటున్నాను. ఒకరికి సరిపోయే గది, మూడు వారాలైంది. వెతకలేదని కాదు, హబ్సిగూడ, మల్కాజ్‌గిరి అన్నీ తిరిగాను. దొరకలేదు. పాపం, శ్రీకాంత్ ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. నిన్న పొద్దున ఇడ్లీ తెచ్చిపెట్టాడు. రాత్రి ఆమ్లెట్ వేశాడు. ఇవ్వాళ చాయ్, బజ్జీలు. ఇందాకటి నుంచి మూడుసార్లు ఏదో చెప్పబోయి రోడ్డు మీది బస్సుల వైపు చూస్తున్నాడు.

శ్రీకాంత్, ఆ ప్లేటు ఇంక నా వైపు జరపకురా. ఈసారి నేను కరెక్ట్‌గానే చదివాను. చూడు, నవ్వుతూనే ఉన్నా. నెలాఖరు దాకా టైమియ్యి.