పెదవిని లెక్కపెట్టిన సారు

మా వదిన నోట్లో వేలు పెట్టినా కొరకదని అందరూ అనుకుంటారు. ఉత్త మాట. మా అన్నయ్యకు ఆ సంగతి పెళ్ళయిన నెలకే తెలిసింది. కాలేజీలో పెద్దసారుకు మాత్రం ఇరవై రెండేళ్ళు పట్టింది.

వదిన అక్కడ ల్యాబు అటెండరు. స్పిరిటు సీసాల్లోంచి వానపాములను తీసి, కోసి, ఏ జాతివో విడదీయడం ఆమె పని. ఒకే తోటలో దొరికినవి, ఒకే రంగు, ఒకే పొడవు. కానీ కొన్నిటికి లోపల మూడు జతల సంచులుంటే, కొన్నిటికి నాలుగు జతలున్నాయి. ఇవి రెండు వేరు వేరు జాతులని, నాలుగు జతలది ఇంతవరకూ ఎవరూ చూడని కొత్తదని కనిపెట్టింది వదినే. నాలుగేళ్ళు కూర్చుని ఆరువందల పురుగులు కోసి, నోటుబుక్కులో రాసుకుంది.

"ఒకసారి చూసిస్తానమ్మా" అని పెద్దసారు ఆ పుస్తకం పట్టుకెళ్ళాడు. కొత్త జాతిని తానే కనిపెట్టానని వ్యాసం రాసుకుని, ఆ జాతికి వాళ్ళ నాన్న పేరు పెట్టాడు. వదిన ఊసే లేదు. సొమ్మొకడిది, సోకొకడిది! నాకు ఒళ్ళు మండిపోయింది.

"నలుగురిలో కడిగెయ్ వదినా!"

"తొందరేముందిలే" అంది, బట్టలు మడతపెడుతూ.

వానపాము ఒళ్ళంతా ఉంగరాల్లాంటి వలయాలే; సంచులు ఎన్నో వలయంలో ఉన్నాయో చూసే ఏ జాతో చెబుతారు. దాని నోటి ముందు పెదవిలాంటి చిన్న ముక్క ఉంటుంది. అది వలయం కాదు. దాని వెనకనుంచే వలయాలను ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. వ్యాసానికి బొమ్మ గీసినప్పుడు సారు ఆ పెదవిని కూడా కలిపేశాడు. దాంతో సంచులన్నీ ఒక వలయం వెనక్కి పోయాయి. మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పది!

"బాగుందామ్మా?" అని వదినకు చూపించాడు.

"మీరు గీశాక వంకేముంటుంది సార్" అంది వదిన.

పెద్ద సభలో ఆ బొమ్మ తెరమీద వేసి చదువుతుంటే, బయటినుంచి వచ్చిన ముసలి మేడమ్ లేచింది. "మొదటి వలయం ఏదో చూపించండి" అంది. సారు కర్ర తీసుకెళ్ళి పెదవిమీద పెట్టాడు. హాలంతా గొల్లుమంది. వ్యాసం అక్కడికక్కడే చెత్తబుట్టపాలైంది.

సారు ఎర్రబడ్డ మొహంతో ల్యాబుకొచ్చాడు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్. నా పుస్తకంలో సరిగ్గానే ఉంది. కనీసం చూసి దించుకోవాల్సింది."

ఆ మాట విని ఇంట్లో నేను ఎగిరి గంతేశాను. వదిన మాత్రం నవ్వలేదు.

"ఇక ఆ పురుగు పేరెత్తితే అందరూ నవ్వుతారు. దాన్నెవరూ ముట్టుకోరు" అంది.

"నువ్వే రాయి వదినా!"

"నవ్వులపాలైన పురుగుమీద అటెండరు రాస్తే అచ్చేస్తారా? నాలుగేళ్ళమ్మా... అయినా పోనీ. వాళ్ళ నాన్న పేరు మోసేకంటే, దానికి పేరు లేకపోవడమే మేలు."

అలా అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. సారు పరువు పోతే చాలనుకున్నాను కానీ, ఆ ఏడుపు విన్నాక ఆ శిక్ష నాకు చాలా తక్కువనిపించింది.