వైన్‌కు జాతకం, చేపకు ఫ్రీజర్

హిందూపురం నుంచి వచ్చిన మా బావను ఈ సాయంత్రం బెంగళూరులో ఓ ఖరీదైన సీఫుడ్ రెస్టారెంట్‌కు తీసుకెళ్ళాను. చేపల మెనూ ఒక్క అట్ట. వైన్ మెనూ మాత్రం పెళ్ళి ఆల్బమంత లావు. ఒక వైన్‌లో తడి రాయి వాసన వస్తుందని గొప్పగా రాసుకున్నారు కూడా. వైన్ల గురించి చెప్పడానికే హోటల్ వాళ్ళు నియమించుకున్న ఓ కోటు పెద్దమనిషి వచ్చి, ఒక్కో సీసా ఏ దేశానిదో, ఏ కొండవాలు ద్రాక్షదో, ఆ ఏడాది అక్కడ ఎండలెలా కాశాయో జాతకం చదివినట్టు చదివాడు.

బావ ఓపిగ్గా అంతా విని, "అదంతా సరే, ఈ చేప యాడిదప్పా?" అన్నాడు.

"ఫ్రీజర్‌ది సార్," అన్నాడాయన మొహం చిట్లించి. ఆ తర్వాత మా టేబుల్ వైపు తిరిగి చూస్తే ఒట్టు.

చేపల హోటల్లో చేప సంగతి అడగడం మొరటుతనమైతే, మాలాంటి మొరటువాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో కాస్త చెయ్యెత్తండి.