కాకి తన్నిన హేతువాది

ఫేస్‌బుక్ మా జిల్లాలో ఇంటింటికీ పాకుతున్న రోజుల్లో, జనం పొద్దున్న ఇడ్లీని కూడా ఊరందరికీ చూపించి గానీ మింగేవారు కాదు. నేను ఫొటో అంటే గోడచాటుకి పోయే రకం. ఖాతా ఉండేది. అందులో మూఢనమ్మకాల మీద నిప్పులు చెరుగుతూ వ్యాసాలు రాసేవాణ్ణి. మొహం ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టాను. ఆలోచనకి మొహమెందుకని అడిగినవాళ్లకి చెప్పేవాణ్ణి. (అసలు కారణం సిగ్గు. సిద్ధాంతం తర్వాత దొరికింది.)

అప్పుడు శ్రీకాకుళంలో ఓ ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఒక ఆదివారం కళింగపట్నం మా ఇంటికి వెళ్తే, అమ్మ పెరట్లో ఎండబెట్టిన చేపల కోసం దిగిన కాకి దారిలో నా నెత్తిన తన్నింది. కాకి తన్నితే ప్రాణగండమని మావాళ్ల నమ్మకం. విరుగుడుగా ఆ మనిషి పోయాడని దగ్గరి బంధువులకి అబద్ధపు కబురు పంపుతారు. వాళ్లు కాసేపు ఏడిస్తే గండం పోతుంది, ఆనక నిజం చెప్పేస్తారు. కాకికి కావలసింది చేపే గానీ నా ప్రాణం కాదని, దాని కాలికీ నా చావుకీ కార్యకారణ సంబంధం లేదని అమ్మకి వివరించాను. అమ్మ అంతా శ్రద్ధగా విని, "నీ నాస్తికం కాకికి తెలుస్తాదేటిరా? పోయి తలకి పోసుకో" అంది. నేను నూతి దగ్గరుండగా, పాతపట్నంలో ఉన్న మేనమామకి ఫోన్ చేసి నేను పోయానని చెప్పేసింది.

వెనకటి రోజుల్లో ఆ ఏడుపు మావయ్య గడప దాటేది కాదు. ఇప్పుడు అమ్మ నిజం చెప్పే రెండో ఫోన్ చేసేలోపే మావయ్య కొడుకు, అంటే మా బావ, కబురుని ఫేస్‌బుక్‌లో పెట్టేశాడు. ఎవరిదో పెళ్లి బంతిలో నోటినిండా లడ్డూతో నేనున్న ఫొటోకి దండ కూడా వేశాడు. ఫోన్ చేస్తే పరామర్శలతో అతని లైనూ, మావయ్య లైనూ ఖాళీ లేవు. ఆ ఫొటో కింద, "నేను బతికే ఉన్నాను. వార్త నిరాధారం" అని రాశాను.

"పోయినోడి ఫోను కొట్టీసి ఏసాలేస్తన్నావేట్రా? మడిసివైతే మూతి సూపించు" అని బావ జవాబు. దాని కింద నా విద్యార్థి ఒకడు, ఆధారం లేనిదే నమ్మవద్దని మా మాస్టారు చెప్పేవారని రాశాడు. (నా వ్యాసాలు ఎవరూ చదవరనుకునేవాణ్ణి.)

చాలాసేపు ఆలోచించాను. పోయినట్టే ఉండిపోవడంలో కొన్ని సౌకర్యాలున్నాయి. కానీ ట్యుటోరియల్ పిల్లలు దండతో మా ఊరి బస్సెక్కారని తెలిసి, తలకి తువ్వాలుతోనే లైవ్ పెట్టాను. ఎన్నో సభల్లో కాగితం చూసి ఉరిమిన నాకు ఒక్క మాట రాలేదు. తల దించుకుని నిలబడ్డాను. వెంటనే బావ రాశాడు: "అలగ తల దించీసినాడంటే ఆడేరా. అనుమానం నేదు." ఎవరూ వేరే ఆధారం అడగలేదు.

లైను దొరికాక, పోస్టు తీసేస్తానన్నాడు బావ. అప్పటికే కింద వందల మాటలు. నాతో ఎన్నడూ మాట్లాడని తోటి లెక్కల టీచరు, స్టాఫ్ రూములో నేను కూర్చునే మూల ఇక చూడలేనని రాసింది. సాయంత్రం దాకా ఉండనీ బావా అన్నాను. పెరట్లో కూర్చుని ఒక్కొక్కటీ చదువుకున్నాను. పరలోకం లేదని వాదించేవాణ్ణి కదా, రెండోసారి పోయినప్పుడు రాసేవి చదవడానికి నేనుండనని నాకు బాగా తెలుసు.