స్విచ్ పక్క కుర్చీ

"గీసారి గూడ రిపోర్టు పోతె నా బిడ్డకు ఇంకెన్నిసార్లు సూది గుచ్చుతరు?"

భవ్యశ్రీ అడిగింది తాండూరు ల్యాబ్‌లో పనిచేసే నిరోషాను. ఒళ్ళో నాలుగేళ్ళ బిందుకు జ్వరమొచ్చి ఐదో రోజు. ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో తేలితేనే వికారాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్ళాలో లేదో చెబుతానన్నాడు డాక్టరు. పొద్దున కంప్యూటర్ తెర తెల్లబడి బిగుసుకుపోతే నిరోషా అలవాటుకొద్దీ స్విచ్ ఆపేసింది. రక్తం పరీక్షించే పాత మిషన్, కంప్యూటర్‌కు ఒకసారి పంపిన ఫలితాన్ని తనలో దాచుకోదు. అది పోయింది. ఇప్పుడు రెండో శాంపిల్. తెర మళ్ళీ తెల్లబడింది. మౌస్ కదిపినా ఉలుకూ పలుకూ లేదు. నిరోషా చెయ్యి స్విచ్ వైపు పోయింది.

"ముట్టకు. అది సావలే, పనిల ఉంది."

అన్నది ఇవాళ ఆలస్యమై, అప్పుడే వచ్చి స్విచ్ పక్క కుర్చీలో కూర్చున్న అజమత్. ఆ ప్రోగ్రాం రాసింది ఆయనే.

నాపరాళ్ళ పాలిషింగ్‌లో చేతులు పగిలిన తండ్రి కొడుకు ఆయన. వికారాబాద్‌లో కంప్యూటర్ నేర్చుకుని, ఎనిమిదేళ్ళ కింద ఈ ల్యాబ్‌కు ప్రోగ్రాం చేసిచ్చాడు. మిషన్ నుంచి ఫలితాలు తెచ్చే పనీ, తెరను నడిపే పనీ ఒకే థ్రెడ్‌కు, అంటే ప్రోగ్రాంలో ఒకే పనివాడి లాంటి దానికి, అప్పగించాడు. దుకాణంలో ఒక్కడే ఉండి, సరుకు కోసం లోపలికి పోతే గల్లా దగ్గర జవాబు చెప్పేవాడు లేనట్టు. తప్పు తెలిశాక మూడు నెలలు కూర్చుని తిరగరాశాడు. తెచ్చే పని వెనక ఇంకో థ్రెడ్‌లో, ముందర తెర మీద ఎన్ని వచ్చాయో, ఎన్ని మిగిలాయో కనిపించేటట్టు. ల్యాబ్ యజమాని చూసి, రిపోర్టు అదే, పట్టే టైమూ అదే, కొత్తదేముందని పక్కన పెట్టించాడు.

ఆ వానాకాలమే అజమత్ తల్లి అలీమాబీకి జ్వరమొచ్చింది. ఈ ల్యాబ్‌లోనే తెర తెల్లబడింది, ఎవరో స్విచ్ ఆపేశారు. మళ్ళీ గుచ్చుదామంటే నరం దొరకలేదు. రిపోర్టు లేకుండానే వికారాబాద్ తీసుకెళ్తుంటే ధారూర్ దాటకముందే ప్రాణం పోయింది. రిపోర్టుంటే బతికేదా అంటే ఎవరూ చెప్పలేరు. అప్పటినుంచి రోజూ పొద్దున ఆ కుర్చీలో ఆయనే.

"ప్రోగ్రాం రాసినోనివి, వాచ్‌మన్‌వైతివి గద," అని యజమాని నవ్వుతాడట.

"నేను లేనప్పుడు ఎన్ని పోతున్నయో, గా లెక్క ఎవరి దగ్గరుంది?" అన్నాడు అజమత్, భవ్యశ్రీ వైపు చూడకుండా.

ఏడు నిమిషాలకు తెరలో కదలిక వచ్చింది. ప్లేట్‌లెట్లు తొంభై ఐదు వేలు. తాండూరులోనే ఉంచి రేపు మళ్ళీ చూద్దామన్నాడు డాక్టరు.

భవ్యశ్రీ లేస్తుంటే అజమత్ అన్నాడు: "పని ఎంతసేపన్న పట్టనియ్యమ్మా. లోపల ఏమైతుందో బయటోళ్ళకు చెప్పుకుంట ఉండు. సప్పుడు లేకుంటె సచ్చిందనుకుంటరు."

భవ్యశ్రీ బడిలో ఫిజిక్స్ చెబుతుంది. ఇంట్లో పేపర్లు దిద్దుతుంటే బిందు పిలిచినా పలికేది కాదు, పని తెమిలాకే తల ఎత్తేది. ఇప్పుడు తల ఎత్తకపోయినా పలుకుతుంది.

"వింటున్న బిడ్డ. ఇంక నాలుగు పేపర్లే ఉన్నయి." కాసేపటికి, "ఇంక మూడు."